స్నూకర్ టూర్ కార్డా, క్రీడా కోటా ఉద్యోగమా: ఇరవై ఏళ్ళ ఆటగాడు ముందు దేనికి ప్రయత్నించాలి

హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో ఒక క్లబ్బులో రోజూ నాలుగైదు గంటలు సాధన చేస్తూ, అప్పుడప్పుడు సెంచరీ బ్రేకులు (ఒకే విడతలో వంద పాయింట్లు) కొడుతూ, రాష్ట్ర పోటీలలో చివరి నలుగురిలోకి వస్తున్న పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్ళ యువకులను, వారి తల్లిదండ్రులను ఉద్దేశించి ఈ వ్యాసం రాస్తున్నాను. ఇంటర్ దాటిన పిల్లవాడు స్నూకరే వృత్తిగా ఎంచుకుంటానని అన్నప్పుడు ఇంట్లో జరిగే చర్చ సాధారణంగా ఆట, చదువు అనే రెండు మాటల మధ్యే తిరుగుతుంది. కానీ ఆటలోనే ఒకదానికొకటి పోలిక లేని దారులు ఉన్నాయి, వాటి ఖర్చు వేరు, ఆదాయం వేరు, వాటిలోకి ప్రవేశించే వయసు కూడా వేరు. బ్రిటన్ కేంద్రంగా నడిచే ప్రొఫెషనల్ టూర్‌కు వెళ్ళడం ఒక దారి. ప్రభుత్వ రంగ సంస్థలోనో రైల్వేలోనో ఉద్యోగం సంపాదించుకుని జాతీయ, ప్రపంచ అమెచ్యూర్ పోటీలు ఆడడం రెండవది. శిక్షకుడిగా స్థిరపడడం మూడవది. వీటిలో మొదటి రెండింటి మధ్య నిర్ణయమే కష్టమైనది కాబట్టి ఎక్కువ చోటు వాటికే ఇస్తున్నాను.

ప్రొఫెషనల్ టూర్ నడిచే పద్ధతిని ముందు తెలుసుకోవాలి. టూర్‌లో దాదాపు 128 మంది ఆటగాళ్ళు ఉంటారు. కొత్తగా వచ్చినవారికి రెండేళ్ళ కార్డు, అంటే టూర్‌లో ఆడే అర్హత, ఇస్తారు. గడచిన రెండేళ్ళలో గెలుచుకున్న బహుమతి సొమ్మును బట్టే ర్యాంకు నిర్ణయమవుతుంది, అందుకే కొత్త ఆటగాడు సున్నాతో మొదలుపెట్టి, అప్పటికే రెండేళ్ళ సంపాదన ఖాతాలో ఉన్నవారితో పోటీ పడాలి. రెండేళ్ళు ముగిసేసరికి మొదటి 64 మందిలో ఉన్నవారు నిలుస్తారు, ఒక్క ఏడాది సంపాదన జాబితా ద్వారా మరికొందరు గట్టెక్కుతారు, మిగిలినవారు కార్డు కోల్పోయి మళ్ళీ అర్హత పోటీలకు వెళ్ళాలి. భారతీయులకు ప్రధాన ప్రవేశ ద్వారం క్యూ స్కూల్ అనే అర్హత పోటీ. బ్రిటన్‌లో జరిగే క్యూ స్కూల్‌తో పాటు ఆసియా, ఓషియానియా ఆటగాళ్ళ కోసం 2022 నుంచి బ్యాంకాక్‌లో ప్రత్యేకంగా మరొకటి జరుగుతోంది. ప్రతి మ్యాచ్ ఏడు ఫ్రేములలో (మ్యాచ్‌లోని ఒక్కో ఆట ఒక ఫ్రేము) నాలుగు గెలవవలసిన పోటీ. కొద్ది రోజుల్లో వరుసగా అన్ని రౌండ్లూ గెలిచినవారికే కార్డు దక్కుతుంది, చివరి మెట్టులో ఓడినవారికి ఆ పోటీలో కార్డు రాదు.

ఈ ద్వారం గుండా వెళ్ళినవారు మనకు తెలియని మనుషులేమీ కారు. తెలంగాణ తరఫున జాతీయ పోటీలు ఆడిన హిమాంశు దినేశ్ జైన్ 2022లోనూ, ముంబైకి చెందిన ఇష్‌ప్రీత్ సింగ్ చడ్ఢా 2023లోనూ ఆసియా–ఓషియానియా క్యూ స్కూల్ ద్వారానే కార్డు సంపాదించుకున్నారు. చడ్ఢా 2024 ఇంగ్లిష్ ఓపెన్‌లో సెమీఫైనల్ వరకు వెళ్ళాడు. అంతకు ముందు ఆదిత్య మెహతా 2013లో ఢిల్లీలో జరిగిన ఇండియన్ ఓపెన్ ఫైనల్ చేరి, ర్యాంకింగ్ టోర్నమెంట్ (బహుమతి సొమ్ము ర్యాంకు లెక్కలోకి వచ్చే పోటీ) ఫైనల్ ఆడిన తొలి భారతీయుడయ్యాడు. అక్కడ చైనా ఆటగాడు డింగ్ జున్‌హుయ్ చేతిలో 0–5తో ఓడిపోయాడు. ఆ స్కోరును చిన్నచూపు చూడవలసిన పని లేదు. ఆ స్థాయికి మన దేశం నుంచి చేరినవారు ఎంత తక్కువ మందో చూస్తే ఆ ఫైనల్ విలువ తెలుస్తుంది.

ఇక డబ్బు సంగతి. పత్రికలలో కనిపించే అంకెలు పెద్దవే: 2025 ప్రపంచ ఛాంపియన్‌షిప్ విజేతకు 5,00,000 పౌండ్లు, రన్నరప్‌కు 2,00,000 పౌండ్లు దక్కాయి. షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్‌లో తొలి రౌండు ఆడి ఓడినవారికి కూడా 20,000 పౌండ్లు వచ్చాయి. అయితే క్రూసిబుల్ చేరేది 32 మందే, వారిలో 16 మంది ర్యాంకు బలంతో నేరుగా ప్రవేశిస్తారు. కొత్తగా కార్డు పొందిన ఆటగాడి రోజువారీ జీవితం ఆ వేదికకు చాలా దూరంలో, చాలా ర్యాంకింగ్ టోర్నమెంట్లలో తొలి రౌండు ఓడితే ఒక్క పౌండు కూడా చేతికి రాని చోట గడుస్తుంది. ఈ ఇబ్బందిని గుర్తించే నిర్వాహకులు 2022–23 సీజన్ నుంచి టూర్ ఆటగాడికి ఏడాదికి కనీసం 20,000 పౌండ్ల ఆదాయం ఉండేలా హామీ పథకం తెచ్చారు. అది బహుమతి సొమ్ముకు అదనంగా ఇచ్చే జీతం కాదు. గెలుచుకున్న సొమ్ము ఆ మొత్తానికి తక్కువైతే పూరించే ఏర్పాటు మాత్రమే. మన రూపాయలలో అది ఇరవై లక్షలు దాటుతుంది కాబట్టి హైదరాబాద్‌లో కూర్చుని లెక్క వేస్తే గొప్పగానే కనిపిస్తుంది. అదే సొమ్ముతో ఇంగ్లండ్‌లో అద్దె కట్టి, టేబుల్ రుసుము చెల్లించి, చైనా పోటీలకు విమాన టికెట్లు కొని, హోటళ్ళలో ఉండి, వీసాల ఖర్చు భరించాలని గుర్తు చేసుకుంటే, మొదటి రెండేళ్ళు మిగులు ఉండదనీ, పైగా ఇంటి నుంచి కొంత పంపవలసి వస్తుందనీ అర్థమవుతుంది.

భారతదేశం నుంచి ప్రయాణాలు చేస్తూ టూర్ ఆడవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. నా అభిప్రాయంలో అన్ని దారులలోకీ ఇదే బలహీనమైనది. సీజన్‌లో టోర్నమెంట్లు ఎక్కువగా బ్రిటన్‌లోనూ చైనాలోనూ జరుగుతాయి, అర్హత రౌండ్లు ప్రధాన పోటీకి వారాల ముందే వేరే చోట ఉంటాయి. ఒక్క మ్యాచ్ కోసం ఖండాలు దాటి వచ్చి, సగం నిద్రతో టేబుల్ దగ్గరకు వెళ్ళి, ఓడి, మళ్ళీ విమానం ఎక్కే ఆటగాడికి సాధన చేసే సమయమే మిగలదు. దానికంటే పెద్ద నష్టం ఎదురు ఆటగాళ్ళు లేకపోవడం. మన క్లబ్బులలో మంచి ఆటగాడు తనకంటే తక్కువవారితోనే నెలల తరబడి ఆడుతుంటాడు. తప్పు చేసినా తిరిగి అవకాశం వస్తుందన్న అలవాటు అతనికి తెలియకుండానే పట్టుకుంటుంది. టూర్‌లో ఒక ఎర్ర బంతి తప్పితే ఆ ఫ్రేములో మళ్ళీ కుర్చీలోంచి లేవకపోవచ్చు. డింగ్ జున్‌హుయ్ పదహారేళ్ళ వయసులో, 2003లో ప్రొఫెషనల్ అయ్యాడు. ఇంగ్లండ్‌లో ఉంటూ 2005లో చైనా ఓపెన్‌నూ యూకే ఛాంపియన్‌షిప్‌నూ గెలిచాడు. ఆ తరువాత వచ్చిన చైనా కుర్రవాళ్ళు షెఫీల్డ్‌లోని అకాడమీలలో చేరి రోజూ ఒకరితో ఒకరు ఆడుతూ ఎదిగారు. కాబట్టి టూర్‌కు వెళ్ళదలచినవారు అక్కడే నివాసం ఉండేలా వెళ్ళాలి. అది కుదరకపోతే వెళ్ళడాన్ని వాయిదా వేసుకోవడమే మంచిది.

మన దగ్గర కూడా ఆ స్థాయి ఆటను కళ్ళారా చూసిన సందర్భాలు ఉన్నాయి. 2016 ఇండియన్ ఓపెన్ హైదరాబాద్‌లో జరిగింది, ఫైనల్లో ఆంథొనీ మెక్‌గిల్ 5–2తో కైరెన్ విల్సన్‌ను ఓడించాడు. 2017లో అదే టోర్నమెంట్ విశాఖపట్నానికి వచ్చింది, అక్కడ జాన్ హిగిన్స్ 5–1తో మెక్‌గిల్‌పై గెలిచాడు. హిగిన్స్ ఆటలో నేర్చుకోవలసినది పెద్ద బ్రేకుల కంటే, బంతి వేసే వీలు లేనప్పుడు తెల్ల బంతిని బాక్ కుషన్‌కు (ఆట మొదలుపెట్టే వైపు అంచుకు) అంటించి ఎదుటివాడికి దారి లేకుండా చేసే ఓపిక. 2019లో కొచ్చిలో జరిగిన తరువాత ఆ టోర్నమెంట్ మళ్ళీ జరగలేదు. అంటే ఇప్పుడు టూర్‌లో ఉన్న భారతీయుడికి సొంత గడ్డపై ఆడే ర్యాంకింగ్ పోటీ లేదు. స్థానిక స్పాన్సర్ దొరకడం కష్టం కావడానికి ఇది ఒక ముఖ్య కారణం. సొంత ఊళ్ళో కనిపించని ఆటగాడిపై వ్యాపార సంస్థ సొమ్ము పెట్టదు.

రెండవ దారి ఇంత ఆకర్షణీయంగా కనిపించదు గానీ, భారతీయ క్యూ క్రీడల (క్యూ అనే కర్రతో ఆడే స్నూకర్, బిలియర్డ్స్ వంటి ఆటల) చరిత్రలో ఎక్కువ భాగం దాని మీదే నిర్మితమైంది. విల్సన్ జోన్స్ 1958లో కలకత్తాలో ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ టైటిల్ గెలిచి, స్వతంత్ర భారతానికి ఏ క్రీడలోనైనా తొలి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఓమ్ అగర్వాల్ 1984లో డబ్లిన్‌లో ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ టైటిల్ తెచ్చాడు. ఇప్పుడు జాతీయ ఛాంపియన్‌షిప్ డ్రా తెరిచి చూస్తే పేర్ల పక్కన రాష్ట్రాల కంటే పెట్రోలియం స్పోర్ట్స్ ప్రమోషన్ బోర్డు, రైల్వే స్పోర్ట్స్ ప్రమోషన్ బోర్డు వంటి సంస్థలే పై వరుసలలో ఎక్కువగా కనిపిస్తాయి. పలుమార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన పంకజ్ అద్వానీ ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్‌జీసీ ఉద్యోగి. కమల్ చావ్లా, మల్కీత్ సింగ్ రైల్వే తరఫున ఆడినవారు. నెల నెలా జీతం, వైద్య సదుపాయం, సాధనకూ పోటీలకూ సెలవు, ఆట ముగిసిన తరువాత కూడా కొనసాగే ఉద్యోగం అనే నాలుగు లాభాలు ఈ దారిలో ఉన్నాయి. మధ్యతరగతి ఇంటి పిల్లవాడు క్యూ పట్టుకున్నప్పుడు చేతులు వణకకుండా ఉండడానికి ఈ నాలుగింటి పాత్ర చాలా పెద్దది. అద్దె కట్టడానికి గెలవవలసిన ఆటగాడు సులువైన బంతిని కూడా జాగ్రత్తకు పోయి పాడు చేసుకుంటాడు.

అలాగని ఇది సులభమైన దారి అనుకోకూడదు. క్యూ క్రీడలకు ప్రతి ఏటా ఖాళీలు ఉండవు. ఉన్నప్పుడు కూడా జాతీయ స్థాయిలో పతకం లేదా గుర్తింపు పొందిన స్థానం అడుగుతారు. బిలియర్డ్స్, స్నూకర్ 1998 నుంచి 2010 వరకు ఆసియా క్రీడలలో ఉన్నాయి, 2014 నుంచి లేవు. ఒలింపిక్స్‌లో ఎన్నడూ లేవు. ఆసియా క్రీడల పతకం అనే కొలమానం పోయిన తరువాత ప్రభుత్వ గుర్తింపుకూ నియామకాలకూ ఈ ఆట వాదించుకోవలసిన స్థితి వచ్చింది. అద్వానీ 2006లోనూ 2010లోనూ ఆసియా క్రీడల బిలియర్డ్స్ స్వర్ణాలు గెలిచిన కాలంలో ఉన్న అనుకూలత నేటి యువకుడికి లేదు. దీన్ని మనసులో పెట్టుకునే ప్రణాళిక వేసుకోవాలి.

ఈ రెండు దారుల పోలికలో తల్లిదండ్రులు తరచుగా గమనించని విషయం వయసు. రైల్వే క్రీడా కోటా నియామకాలలో వయోపరిమితి సాధారణంగా 18 నుంచి 25 ఏళ్ళు. టూర్‌కు అటువంటి పరిమితి లేదు. రోనీ ఓసలివన్ 2022లో 46 ఏళ్ళ వయసులో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. మార్క్ విలియమ్స్ 50 ఏళ్ళ వయసులో 2025 ఫైనల్ ఆడాడు. వారు చిన్న వయసులో మొదలుపెట్టినవారే కదా అంటే నిజమే. అయితే పాకిస్తాన్ ఆటగాడు ముహమ్మద్ ఆసిఫ్ 2012, 2019 సంవత్సరాలలో ఐబీఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ బిలియర్డ్స్, స్నూకర్ సమాఖ్య) ప్రపంచ అమెచ్యూర్ టైటిల్ గెలిచి, 2022లో నలభై ఏళ్ళ వయసులో క్యూ స్కూల్ ద్వారా కార్డు సంపాదించి, టూర్ తరువాత 2024లో మళ్ళీ అదే ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఉద్యోగం అనే తలుపు ఇరవై అయిదేళ్ళకు మూసుకుంటుంది, టూర్ తలుపు ఆ తరువాత కూడా తెరిచే ఉంటుంది. అందువల్ల ఇంటి నుంచి రెండు మూడేళ్ళు ఖర్చు భరించగల స్తోమత లేని యువకుడు ముందుగా జాతీయ పతకం, ఉద్యోగం మీద దృష్టి పెట్టి, ఉద్యోగం స్థిరపడ్డాక ప్రతి ఏటా బ్యాంకాక్ క్యూ స్కూల్‌లో అదృష్టం పరీక్షించుకోవడమే సరైన క్రమమని నా గట్టి నమ్మకం. స్తోమత ఉన్న కుటుంబం మాత్రం దీనికి తలకిందులుగా ఆలోచించాలి. ఆట వేగంగా పెరిగే పదిహేడు, పద్దెనిమిదేళ్ళ వయసులోనే పిల్లవాడిని ఇంగ్లండ్ పంపగలిగితే, కార్డు రాకపోయినా ఆ రెండేళ్ళ సాధన అతన్ని జాతీయ పోటీలలో మరో మెట్టు మీద నిలబెడుతుంది, ఉద్యోగపు తలుపు కూడా అప్పటికి మూసుకుపోదు.

రెండు దారులలో ఒకేసారి నడవడం ఎంత కష్టమో పంకజ్ అద్వానీ అనుభవం చెబుతుంది. 2003లోనే ఐబీఎస్‌ఎఫ్ ప్రపంచ స్నూకర్ టైటిల్ గెలిచిన అతను 2012–13 సీజన్‌లో టూర్‌లోకి వెళ్ళి, 2013 వెల్ష్ ఓపెన్‌లో క్వార్టర్‌ఫైనల్ చేరాడు. ఒక ర్యాంకింగ్ టోర్నమెంట్‌లో భారతీయుడు అంత దూరం వెళ్ళడం అదే మొదలు. అయినా 2014లో కార్డు వదులుకుని తిరిగి వచ్చాడు. బిలియర్డ్స్, అమెచ్యూర్ స్నూకర్, టూర్ అనే మూడు క్యాలెండర్లు ఒకే మనిషి జీవితంలో ఇమడవు. తిరిగి వచ్చిన తరువాత 2015లోనూ 2017లోనూ మళ్ళీ ప్రపంచ స్నూకర్ టైటిళ్ళు గెలిచాడు. 2018లో పద్మభూషణ్ అందుకున్నాడు, 2024 నాటికి అన్ని రూపాలలో కలిపి 28 ప్రపంచ టైటిళ్ళు పూర్తి చేశాడు. టూర్ వదిలి రావడాన్ని ఓటమిగా చూసేవారు ఈ జాబితాను ఒకసారి చదవాలి. నేను దీన్ని ఒక ఆటగాడు తన బలం ఎక్కడ ఉందో తెలుసుకుని తీసుకున్న నిర్ణయంగానే గౌరవిస్తాను.

బిలియర్డ్స్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. ఉద్యోగపు దారి ఎంచుకునేవారు బిలియర్డ్స్ కూడా నేర్చుకోవడం ఎంతో లాభకరం, ఎందుకంటే జాతీయ ఛాంపియన్‌షిప్‌లో రెండు ఆటలకూ వేరువేరు పతకాలు ఉంటాయి, బిలియర్డ్స్ ఆడేవారి సంఖ్య తక్కువ, పైగా తెల్ల బంతిని అదుపు చేసే విద్య దానంతగా మరే ఆటా నేర్పదు. టూర్ మీదే గురి ఉన్నవారు మాత్రం సమయాన్ని పంచకుండా స్నూకర్‌కే అంకితం కావాలి.

మూడవ దారి శిక్షణ. రెండుసార్లు, 1989లోనూ 2001లోనూ ఆసియా ఛాంపియన్ అయిన యాసిన్ మర్చంట్ తరువాత శిక్షకుడిగా పేరు తెచ్చుకున్నాడు. బెంగళూరులో అరవింద్ సావూర్ చేతిలో అద్వానీ రూపుదిద్దుకున్నాడు. తెలుగు రాష్ట్రాలలో స్నూకర్ పార్లర్లు చాలా ఉన్నాయి గానీ, నిలబడే తీరు, క్యూ నడిపే తీరు మొదటి రోజు నుంచి సరిదిద్దే శిక్షకులు కొద్దిమందే. అందువల్ల పోటీ ఆట ఆగిపోయినవారికి ఇక్కడ నిజమైన అవసరం ఉంది, గౌరవమూ ఉంది. అయితే ఇరవై ఏళ్ళకే దీన్ని ఎంచుకోవద్దని చెబుతాను. పోటీల ఒత్తిడిని తాను అనుభవించని గురువు శిష్యుడికి దాని గురించి చెప్పగలిగేది తక్కువ.

అమ్మాయిల విషయంలో లెక్క కొంత మారుతుంది. ప్రపంచ మహిళల టూర్‌లో రాణించినవారికి కూడా ప్రధాన టూర్‌కు రెండేళ్ళ కార్డు ఇస్తున్నారు, థాయిలాండ్‌కు చెందిన మింక్ నుచ్చరుట్, చైనాకు చెందిన బాయి యూలు ఆ దారిన వచ్చినవారే. మహిళల పోటీలలో పాల్గొనేవారి సంఖ్య తక్కువ కాబట్టి, పద్ధతిగా సాధన చేసే అమ్మాయికి జాతీయ పతకమూ అంతర్జాతీయ అవకాశమూ త్వరగా అందుతాయి. ఆమెకు మొదటి అడ్డంకి తరచుగా ఆటలో కాక, సాయంత్రం వేళ నిశ్చింతగా సాధన చేసుకోగల చోటు దొరకడంలో ఉంటుంది. ఆ ఏర్పాటు కుటుంబమే ముందుగా చూడాలి.

టూర్ ఆలోచన ఉన్న ఇంట్లో తప్పక మాట్లాడుకోవలసిన మరొక విషయం మ్యాచ్ ఫిక్సింగ్. 2023లో పదిమంది చైనా ఆటగాళ్ళపై క్రమశిక్షణా చర్యలు తీసుకున్నారు, లియాంగ్ వెన్‌బో, లీ హాంగ్ జీవితకాల నిషేధానికి గురయ్యారు. వారితో పాటు 20 నెలల నిషేధం పొందిన జావో షింటాంగ్ తిరిగి వచ్చి, కార్డు లేని ఆటగాడిగానే 2025 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో విలియమ్స్‌ను 18–12తో ఓడించాడు గానీ, అందరికీ అటువంటి రెండవ అవకాశం రాదు. ఇంటికి దూరంగా, అప్పులతో, వరుస ఓటములతో ఉన్న కుర్రవాడి దగ్గరకే ఇలాంటి ప్రలోభం వస్తుంది. ఎంత డబ్బు అయిపోతే వెనక్కు రావాలో బయలుదేరే ముందే ఒక అంకె నిర్ణయించుకుని, ఆ అంకె దగ్గర ఎవరినీ నిందించకుండా తిరిగి రమ్మని తల్లిదండ్రులు చెప్పి పంపాలి.

సొంత స్థాయిని కొలుచుకునే విధానంలోనూ చాలామంది పొరబడతారు. క్లబ్బులో కొట్టిన అతి పెద్ద బ్రేకును కొలమానంగా తీసుకోవద్దు, వదులైన పాకెట్లు, తెలిసిన టేబుల్, తొందర లేని సాయంత్రం ఉంటే అది చాలామందికి సాధ్యమే. పాకెట్లు బిగుతుగా, గుడ్డ వేగంగా ఉన్న టేబుల్ మీద, జాతీయ ర్యాంకు ఉన్న ఆటగాళ్ళతో ఏడు ఫ్రేముల మ్యాచ్‌లు ఆడి, మొదటి మంచి అవకాశం దొరికినప్పుడు ఎన్నిసార్లు యాభై దాటుతున్నారో రాసి పెట్టుకోండి. రెండు అవకాశాలలో ఒకసారైనా దాటుతూ, సేఫ్టీ పోరాటాలలో (ఎదుటివాడికి బంతి వేసే వీలు లేకుండా చేసే ఆటలో) సగం గెలుస్తుంటే క్యూ స్కూల్‌కు రుసుము కట్టడంలో అర్థం ఉంది. అంతకు తక్కువైతే ఆ సొమ్మును మంచి శిక్షకుడి మీద, జాతీయ శిబిరాల ప్రయాణం మీద ఖర్చు చేయడం మేలు. ఇది నా సొంత గీత, ఏ సంస్థా పెట్టిన నియమం కాదు.

ప్రపంచ ఛాంపియన్‌షిప్ మే మొదటి వారంలో ముగుస్తుంది, క్యూ స్కూళ్ళు ఆ వెంటనే మే, జూన్ నెలల్లో జరుగుతాయి. కాబట్టి పాస్‌పోర్టు, వీసా పనులూ దరఖాస్తు సొమ్మూ జనవరి నాటికే సిద్ధంగా ఉండాలి. జాతీయ ఛాంపియన్‌షిప్ ఆడాలంటే రాష్ట్ర సంఘం ఎంపిక పోటీల నుంచి రావాలి, ఆ ప్రకటనలు వచ్చే సమయానికే సభ్యత్వం పునరుద్ధరించుకోవాలి. డిగ్రీ చదువుతున్నవారు దాన్ని మధ్యలో ఆపవద్దు: క్రీడా కోటా ఉద్యోగంలో చేరే హోదా, ఆ తరువాత వచ్చే పదోన్నతులు విద్యార్హతను బట్టి మారుతాయి, దూరవిద్యలో పూర్తి చేసినా సరే పట్టా చేతిలో ఉండాలి.